గాలికి ముద్ర వేయబోయిన రోజులు

ఆ రోజుల్లో, అంటే విజయనగరంలో మా వీధి ఇళ్ళకు వైఫై అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, నేను రిటైరై నాలుగు నెలలు. ఉద్యోగంలో ముదిరినవాణ్ణే గానీ ఖాళీగా కూర్చోవడంలో ఇంకా పసివాణ్ణి. తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్ళకు పైగా కాటాలకూ రాళ్ళకూ ముద్రలు వేసిన చెయ్యి ఊరికే ఉండనిచ్చేది కాదు. (గోడగడియారాన్ని రోజుకు రెండుసార్లు సరిచేసేవాణ్ణి. అది సరిగ్గానే నడిచేది.) నా చిన్నప్పుడు రేడియోకి కూడా లైసెన్సు పుస్తకం ఉండేది, ఏటా దాన్ని పట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళింది నేనే. అందుకని మా ఇంట్లో వైఫై డబ్బా బిగించిన మనిషిని (భుజాన ఎప్పుడూ నిచ్చెన ఉండేది కనుక వీధంతా నిచ్చెన మావ అనేది) "దీని లైసెన్సు ఏదయ్యా?" అని అడిగాను. "దీనికి లైసెన్సేటి బాబూ, ఈ గాలి అందరిదీని. గవర్నమెంటోలే ఒగ్గేసినారు," అన్నాడు. ఆ మాట డైరీలో రాసుకుని, నమ్మకం కుదరక కింద రెండు గీతలు గీశాను.

డబ్బా పెట్టించింది మా ఆవిడ కోసం. ఆవిడ ఇంట్లో వయొలిన్ నేర్పేది. శిష్యుల్లోకెల్లా మంచి చెయ్యి ఉన్న పిల్ల, తండ్రికి బదిలీ అయి భిలాయి వెళ్ళిపోయింది. సంగీత కళాశాల ప్రవేశ పరీక్ష నెల రోజుల్లో ఉంది. రోజూ సాయంత్రం నాలుగింటికి కంప్యూటరులో పాఠం. పాఠం మధ్యలో ఆవిణ్ణి లేపడం ఇష్టం లేక నా కాఫీ నేనే కలుపుకునేవాణ్ణి. (ఈ మర్యాదకు నన్ను నేనే మెచ్చుకునేవాణ్ణి.) తీరా పిల్ల వర్ణం మధ్యకు వచ్చేసరికి తెర మీద బొమ్మ బిగుసుకుపోయేది. "ఇలా తెగే పాఠంతో దాన్ని పరీక్షకి పంపలేనండీ. ఆదివారం దాకా చూసి, అక్కడే ఎవర్నైనా వెతుక్కోమని చెప్పేస్తాను," అంది మా ఆవిడ. ఆ రోజు వయొలిన్ తుడవకుండానే పెట్టెలో పెట్టేసింది. పెళ్ళైన నాటినుంచీ ఆవిడ అలా చెయ్యగా నేను చూడలేదు.

ఇక నాకు కాలు నిలవలేదు. నా మామూలు డైరీ కాక, వైఫైకి ప్రత్యేకంగా ఓ పుస్తకం తెరిచాను. సోమవారం 4.25కి పోయింది, 4.28కి వచ్చింది. మంగళవారం 4.25. బుధవారమూ అంతే. ఇంత నియమంగా పోతోందంటే ఇది మనిషి చేతి పనేనని తేల్చుకున్నాను. మనిషి కూడా దొరికాడు: పక్కింటి పప్పుల షావుకారు. ఒకప్పుడు ఆయన కాటాను నేను జప్తు చేశాను, ఇప్పుడు ఆయన కూడా వైఫై పెట్టించాడు. వెంటనే మూడు కాపీల్లో ఫిర్యాదు రాశాను. ఎవరికి పంపాలో తెలియక "సంబంధిత అధికారి గారికి" అన్నాను. శనివారం ఆ కాగితాలూ, రెండు పుస్తకాలూ చంకన పెట్టుకుని వాళ్ళ అరుగెక్కాను. షావుకారు ఉలిక్కిపడి లేచాడు.

"ఏటి బాబూ, కాటాకి ముద్ర గడువైపోనాదా?"

"కాటా కాదు. మీ వైఫై మా ఇంట్లోకి వస్తోంది."

"వస్తే రానీండి. మీది మా వంటింట్లోకి వస్తన్నాది, నానేటన్నా అన్నానా?"

"నాలుగూ ఇరవైఐదుకి మీరేం చేస్తుంటారు?"

"తొంగుంటాను బాబూ. అదీ నేరమేనా?"

సాక్ష్యానికి నిచ్చెన మావని పిలిపించాను. అతను నిచ్చెన దించకుండానే తీర్పు చెప్పాడు: "కంప్లైంటు సెల్లదు బాబూ. లైసెన్సు లేని గాలిదారి కదా, ఒకలికొకలు ఓర్సుకోవాలి. ఈ డబ్బాలూ, మైక్రోవేవ్ ఓవెన్లూ అన్నీ ఆ దారెంటే పోతాయి."

షావుకారు ఈలోగా నా రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, వేలు పెట్టి వరసలు కలుపుతున్నాడు. మామూలు డైరీలో ఒకచోట ఆగి పైకి చదివాడు. "సోమవారం, 4.25. ఓవెన్‌లో పాలు పెట్టాను, మూడు నిమిషాలు." కాగితం తిప్పాడు. "మంగళవారం, 4.25. ఓవెన్‌లో పాలు." బుధవారానికి వచ్చేసరికి గొంతు వణికింది, నవ్వుతో. రిటైరైనప్పుడు ఆఫీసువాళ్ళు ప్రేమగా ఇచ్చిన ఓవెన్ అది. వైఫై డబ్బా దాని నెత్తిమీదే ఉండేది.

"ఈ కాగితాలేటి సేద్దాం బాబూ?" అన్నాడు షావుకారు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ వయొలిన్ పెట్టె తెరిచి తుడవడం మొదలుపెట్టింది. మర్నాటినుంచి సరిగ్గా నాలుగూ ఇరవైఐదుకి మా పిట్టగోడ మీద కాఫీ గ్లాసు ఉండేది. "కొలత సరిపోనాదేటి సూసుకోండి, మళ్ళీ జప్తు సేసీగలరు," అనేవాడు షావుకారు గోడవతల నుంచి. పరీక్ష అయ్యేదాకా ఒక్కరోజు కూడా మానలేదు. పిల్లకు సీటు వచ్చింది.

కొన్నేళ్ళకు నిచ్చెన మావ కొత్త డబ్బా తెచ్చాడు. లైసెన్సు అక్కర్లేని ఇంకో గాలిదారి వెడల్పు చేశారట, ఓవెన్ ఆ దారిలోకి రాదట. ఇంకెంత గాలి ఇలా వదలాలో అని సర్కారు పెద్దలు ఇంకా తర్జనభర్జన పడుతున్నారట. ఇప్పుడు నేను పాలు పెట్టుకున్నా ఎవరి పాఠమూ తెగదు. అయినా నాలుగున్నర కాకముందే కాళ్ళు గోడ దగ్గరికే పోతాయి. మొన్న డైరీలు సర్దుతుంటే ఆ ఫిర్యాదు దొరికింది. మూడు కాపీల్లోనూ, అడుగున, ముద్ర కోసం గుండ్రంగా చోటు వదిలి ఉంది. ఎవరి చేత వేయిద్దామనుకున్నాడో, పాపం, ఆ కుర్ర పెన్షనరు.