పడమటికి నాలుగు మీటర్లు

పోయినవాటిని ముందు కూడతాను, అలవాటు కొద్దీ. ఆళ్లగడ్డ పక్క పల్లెలో ఒక అక్క కౌలుకు చేసే చేనులో చచ్చిపోయిన ఏడు సాళ్ల పత్తికి కట్టిన నష్టం పదివేల ఐదు వందలు. అదే ఊళ్లో డ్రోన్‌తో మందు కొట్టమని చెప్పి, ఆ తర్వాత వద్దన్నవాళ్ల పొలం అరవై నాలుగు ఎకరాలు. ఎకరాకు నాలుగు వందల యాభై లెక్కన అది ఇరవై ఎనిమిది వేల ఎనిమిది వందలు. పదకొండు వేల ఐదు వందలకు కొన్న ట్యాబ్‌ను ఆరు వేలకు అమ్ముకోవడంలో పోయింది ఐదు వేల ఐదు వందలు. మొత్తం నలభై నాలుగు వేల ఎనిమిది వందలు. ఆ ట్యాబ్ కొన్న రోజు నేను మిగిల్చానని పొంగిపోయింది మూడు వేల ఐదు వందలు.

డ్రోన్ నాది కాదు. నంద్యాలలో పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఒక సాయిబుది. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు. పెళ్లిళ్లు లేని నెలల్లో ఇల్లు గడవడం లేదని బ్యాంకు అప్పుతో పొలాలకు మందు కొట్టే డ్రోన్ కొన్నాడు. నెల నెలా కంతు కట్టాలి. నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ని. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. ఎరువుల అంగళ్లకు పద్దులు రాస్తాను, కౌళ్ల దగ్గరా అన్నదమ్ముల భాగాల దగ్గరా పొలం కొలిచి సెంట్లు చెబుతాను. నేను చెప్పిన సెంట్లకు ఎదురుమాట ఉండేది కాదు. అందుకే అతను నన్ను తోడు పిలిచాడు. పిలుపులు చూసుకోవడం, పొలం లెక్క కట్టడం, అతను డ్రోన్ నడుపుతుంటే పక్కన నిలబడి తెర చూసి చెప్పడం నా పని. ఎకరాకు యాభై రూపాయలు నాకు.

ఆ డ్రోన్ రిమోట్‌కు సొంత తెర లేదు. పైన ఒక పట్టీ ఉంటుంది, దానికి ఫోనో ట్యాబో బిగించుకోవాలి. పొలం బొమ్మ, డ్రోన్ ఎక్కడుందన్నది, ట్యాంకులో మందు ఎంతుంది, బ్యాటరీ ఎంతుంది, అన్నీ అందులోనే కనిపిస్తాయి. మొదట్లో అతను తన ఫోనే బిగించేవాడు. ఒకసారి డ్రోన్ వరి మీద ఉండగా అతని అత్తగారు ఫోన్ చేస్తే ఆమె ఫొటో తెరంతా కప్పేసింది. డ్రోన్ యాడుందో తెలియక ఇద్దరం ఆకాశం కేసి చూశాం. ట్యాబ్ కొనాలని ఆ రోజే అనుకున్నాం.

ఏది కొనాలో తేల్చే పని నా మీద పెట్టాడు. పది రోజులు దాని మీదే ఉన్నాను. పట్టీలో పది అంగుళాల ట్యాబ్ కూడా పడుతుంది కానీ బరువుకు ముందుకు వాలుతుంది, మెడ నొప్పి. ఎనిమిది అంగుళాలది సరిపోతుంది. ఎండలో తెర కనపడాలి. నంద్యాల అంగట్లో ట్యాబులను బయట రోడ్డు మీదికి తెచ్చి మిట్టమధ్యాహ్నం ఎండలో ఒక్కొక్కటీ పట్టుకుని చూశాను. ఏది తొందరగా కాగుతుందో చేత్తో తాకి చూశాను.

"పెండ్లికి పిల్లను గూడా ఇంతసేపు చూసిండవు అన్నా నువ్వు," అన్నాడు సాయిబు.

"పిల్లయితే నేను చూడకపోయినా అది నన్ను చూస్తాది. ఇది చూడదు," అన్నాను.

చివరికి రెండు మిగిలాయి. తెర ఒకటే, బరువు ఒకటే. ఒకదానికి సిమ్ పడుతుంది, పదిహేను వేలు. ఇంకోదానికి పడదు, పదకొండు వేల ఐదు వందలు. సాయిబుకు సిమ్ ఉన్నదాని మీద మనసు. నెట్ ఫోన్ నుంచి ఇచ్చుకోవచ్చు కదా అన్నాను నేను. అప్పుడు అంగడిలో అమ్మే అతను ఒక మాట అన్నాడు.

"సిమ్ లేనిదాంట్లో జీపీఎస్ ఉండదు సార్. తర్వాత నన్ను అనొద్దు."

ఖరీదైనది అంటగట్టడానికి చెబుతున్నాడనుకున్నాను. "ఎగిరేది డ్రోనప్పా, ఈ పలక కాదు. దారి తెలియాల్సింది దానికి. దాంట్లో జీపీఎస్ ఉంది," అన్నాను. మాట బాగుంది. సాయిబు నవ్వి చేతిలో దుడ్లు లెక్కపెట్టాడు. ఆ మిగులు మూడు వేల ఐదు వందలు ఆ నెల కంతులోకి పోతాయని అతనికి నేనే గుర్తు చేశాను.

జీపీఎస్ దేనికో మొదటి పొలంలోనే తెలిసింది. పొలం హద్దులు డ్రోన్‌కు ముందు చెప్పాలి. జీపీఎస్ ఉన్న ట్యాబ్ అయితే చేత పట్టుకుని గట్టు వెంబడి నడిచి, మూల మూలకూ ఒక బొత్తాం నొక్కితే చాలు. మా ట్యాబ్‌కు తానెక్కడుందో తనకే తెలియదు. ఇక రెండు దారులు. డ్రోన్‌నే ఒక్కో మూలకు పంపి గుర్తు పెట్టడం ఒకటి. దానికి బ్యాటరీ తింటుంది, అతని దగ్గర ఉన్నవి రెండే జతలు. పైనుంచి ఉపగ్రహం తీసిన పొలం బొమ్మ తెర మీద కనపడుతుంది కదా, దాని మీద వేలితో మూలలు పెట్టడం రెండోది. దానికి ఖర్చు లేదు. ఖర్చు లేనిది నేను ఎంచుకున్నాను.

బొమ్మ నేలతో కచ్చితంగా కలవదని నాకు తెలియకపోలేదు. నంద్యాల దగ్గర ఒక వరి మడిలో డ్రోన్‌ను సరిగ్గా మూలరాయి మీద పెట్టి తెర చూశాను. బొమ్మలోని మూల, డ్రోన్ గుర్తు కంటే నాలుగు మీటర్లు తూర్పున ఉంది. ఇంకో మూలలో చూశాను, అక్కడా నాలుగే. నాకు పట్టరాని సంతోషం కలిగింది. తప్పు ఎంతో తెలిస్తే అది ఇక తప్పు కాదు, దిద్దుబాటు. బొమ్మ మీద మూల పెట్టి దాన్ని నాలుగు మీటర్లు పడమటికి జరపడమే. ఆ నెలంతా నంద్యాల చుట్టుపక్కలా, వెలుగోడు దాకా అట్లాగే కొట్టాం. ఒక్క సాలు తప్పలేదు. సాయిబు రైతులకు నన్ను చూపించి, "మా అన్న బొమ్మకే బుద్ధి చెప్పినాడు," అనేవాడు.

ఆళ్లగడ్డ పక్క పల్లెలో మొక్కజొన్న నాలుగున్నర ఎకరాలు. వెడల్పాకు కలుపును చంపే మందు కొట్టాలి. ఆ మందు మొక్కజొన్నను ఏమీ చేయదు. పత్తికి మాత్రం దాని వాసన తగిలినా చాలు, పాడైపోతుంది. పడమటి గట్టు అవతల పత్తి చేను ఉంది. అందుకని ఆ పక్క రెండు మీటర్లు వదిలేశాం.

"మూలకు ఒకసారి పంపి చూద్దామా అన్నా?" అన్నాడు సాయిబు. "ఊరు కొత్త కదా."

"నంద్యాల లెక్కే. ఈడికీ ఆడికీ నేల మారతాదా?" అన్నాను. నలభై కిలోమీటర్ల దూరానికి నేల మారదు. బొమ్మ మారుతుంది. ఎక్కడికక్కడ వేరే వేరే ముక్కలు అతికించిన బొమ్మ అది. ఇక్కడి ముక్క పడమటికి నాలుగు మీటర్లు జరిగి ఉంది. దాన్ని నేను ఇంకో నాలుగు పడమటికే జరిపాను. ఎనిమిది. వదిలిన రెండు తీసేస్తే ఆరు. డ్రోన్ ఆరు మీటర్లు గట్టు దాటి పత్తి మీద తిరిగింది.

అప్పుడు మాకది తెలియదు. మేము తూర్పు గట్టు మీద ఉన్నాం, డ్రోన్ నూట యాభై మీటర్ల అవతల. సాయిబు కళ్లు చిట్లించి చూశాడు.

"అన్నా, గట్టు దాటినట్టు కనపడతాందే."

నేను తెర చూశాను. పెట్టిన గీత లోపలే ఉంది డ్రోన్ గుర్తు. "దూరానికి అట్లనే కనపడతాది. గీత మీదే పోతాంది," అన్నాను.

అతను నా మాట మీద ఆపే బొత్తాం నొక్కలేదు.

వారం తర్వాత మొక్కజొన్న రైతు ఫోన్ చేశాడు. పక్క చేను పత్తి వాడిపోయిందని, ఆ అక్క పొద్దున్నుంచి గట్టు మీదే కూర్చుని ఉందని. వెళ్లాం. నేను ముందు తూర్పు గట్టుకు పోయి టేపు పట్టాను. అక్కడ మందు తగలని కలుపు పచ్చగా, ఎనిమిది మీటర్ల వెడల్పున నిలబడి ఉంది. టేపు చుట్టేసరికి నాకంతా అర్థమైంది. పడమటికి పోయి చూడనక్కర లేకపోయింది.

పాలకేంద్రం వసారాలో పంచాయితీ పెట్టారు. పదిమంది పెద్దలు. అక్కకు యాభై దాటి ఉంటాయి, కౌలు ముందే కట్టేసింది. అరిచి గోల చేస్తుందనుకున్నాను. చేయలేదు.

"గాలికి పడిందంటే నేనొప్పుకోను. గాలి సాళ్లు చూసుకుని పడదు," అంది. "గీత గీసిందెవరు?"

"నేనే అక్కా," అన్నాడు సాయిబు.

నేను అతని వైపు చూశాను. అతను నా వైపు చూడలేదు. అప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేదు. ఇంతలో ఒక పెద్దాయన నాకేసి తిరిగి, "లెక్క తెలిసినోడు ఈడే ఉండె గదా. నువ్వు పోయి నష్టం ఎంతో కట్టి రాప్పా. నువ్వేం చెప్తే అది," అన్నాడు.

తప్పు చేసినవాణ్నే తూకానికి పంపారు. వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

అక్క వెంట చేనులోకి నడిచాను. గట్టు నుంచి ఏడు సాళ్లు ఎండిపోయాయి, అందులో అనుమానం లేదు. ఎనిమిదో సాలు దగ్గర ఆగాను. పత్తి ఆకు అరచేయిలా ఉంటుంది. అక్కడి కొత్త ఆకులు సన్నగా చీలి బెండాకులా వస్తున్నాయి. తొమ్మిదో సాలూ అంతే. చూపు పోయినంత దూరం చూశాను. పదహారో సాలు దాకా ఉంది.

"ఇవి?" అంది అక్క.

"ఇవి తేరుకుంటాయిలే అక్కా."

తేరుకోవని తెలుసు. బెండాకు తిరిగిన పత్తికి కాయ సరిగ్గా పట్టదని ఎరువుల అంగళ్లలో వినీ వినీ ఉన్నాను. కానీ కట్టేది సాయిబు, అదీ నా తప్పుకు. నేను ఎంత తగ్గిస్తే అతనికి అంత తేలిక అని నాకు నేను చెప్పుకున్నాను. వసారాకు తిరిగి వచ్చి ఏడు సాళ్లకే లెక్క చెప్పాను. పద్దెనిమిది సెంట్లు, నూట ఎనభై కిలోలు, కిలో డెబ్బై, అందులో తీత కూలి పన్నెండు పోను, పదివేల నాలుగు వందల నలభై. పెద్దలు దాన్ని పదివేల ఐదు వందలు చేశారు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు. అక్క ఒక్కసారి చేను వైపు చూసి తలూపింది.

తిరుగుదారిలో బండి మీద సాయిబును అడిగాను, ఎందుకట్లా చెప్పావని.

"నీ లెక్క మీద పదూర్లు నడుస్తాండాయి అన్నా. నిన్ను నమ్మకపోతే వాళ్లు యాడికి పోతారు? నా మిషన్‌ను ఈ ఊరు వద్దంటే ఇంకో ఊరు పిలుస్తాది." బండి గుంత దాటాక, "ఈసారి మాత్రం సిమ్ ఉన్నది కొందాం," అన్నాడు. ఎగతాళి లేదు ఆ మాటలో. ఉంటే బాగుండేది.

సిమ్ ఉన్న ట్యాబే కొన్నాం. ఇప్పుడు ప్రతి పొలం గట్టూ నేను నడిచే వస్తాను. సాయిబు కట్టిన పదివేల ఐదు వందలు తీరేదాకా నేను ఎకరాకు యాభై తీసుకోలేదు. రెండు వందల పది ఎకరాలు పట్టింది. అతను గమనించాడు, అడగలేదు. ఆ లెక్క తీరింది. కానీ ఆ ఊరు అతన్ని మళ్లీ పిలవలేదు. ఆ ఊరే కాదు, అటు చాగలమర్రి దాకా, "గట్టు తెలియని మిషనోడు" అనే పేరు అతనికి అతుక్కుంది. పిలుపులు తగ్గి రెండు నెలలు కంతు ఆలస్యమైంది.

పత్తి తీతల నాడు అక్క చేనుకు వెళ్లాను. ఎనిమిది నుంచి పదహారు దాకా తొమ్మిది సాళ్లు సగం కూడా కాయలేదు. నూట ఇరవై కిలోలు పోయాయి. డబ్బు జేబులో పెట్టుకునే పోయాను. గీత గీసింది నేనేనని చెప్పాను. ఎనిమిదో సాలు దగ్గర చూసి కూడా ఆగిపోయానని చెప్పాను. మిగతా నష్టం ఆరు వేల తొమ్మిది వందలని, దాని లెక్క కూడా విడమరిచి చెప్పాను. కూలి పోను ఆరు వేల తొమ్మిది వందల అరవై, అందులో పెద్దలు అప్పుడు పైన వేసిన అరవై పోను.

అక్క ఒళ్లో పత్తి దులుపుకుని నన్ను తేరిపార చూసింది.

"వాళ్లు దయతలిచి ఏసిన అరవై గూడా పట్టుకున్నావా అప్పా?"

నేను తల వంచుకుని నోట్ల మీద ఇంకో అరవై పెట్టి చాచాను. ఆమె చేయి చాపలేదు.

"నువ్విట్ల చేలో ఇచ్చి పోతే, నా దగ్గర నువ్వు మంచోడివైతావు. ఆ సాయిబుల పిల్లోడు మాత్రం ఊళ్లో చెడ్డోడుగానే ఉంటాడు. తక్కువ లెక్క పదిమందిలో చెప్తివి గదా. ఎక్కువ లెక్క గూడా ఆ పదిమందిలోనే చెప్పు. గీత ఎవరిదో చెప్పు. అప్పుడు తీసుకుంటా."

"అట్లనే అక్కా," అన్నాను.

"దుడ్లు యాడికీ పోవు. నీ దగ్గరే ఉండనీ."

ఆ తర్వాత ఆ వసారాకు నేను ఒకసారి వెళ్లాను. వాళ్లే పిలిచారు, ఇద్దరు అన్నదమ్ముల మధ్య బోరు ఖర్చు పంచమని. ఆ పదిమందిలో తొమ్మిది మంది ఉన్నారు. పంచాను. ఇద్దరూ ఒప్పుకున్నారు. టీ తెప్పించారు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు చెప్పేయాలని కూర్చున్నాను. "ఈయన చెప్పినాక ఇంక మాటేముండాది," అన్నాడు ఆ పెద్దాయన, పక్కన కొత్తగా వచ్చిన వాడితో. మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాను. ఖాళీ గ్లాసు కింద పెట్టి, లేచి బస్సు అందుకున్నాను.

సాయిబుకు ఇదంతా తెలియదు. ఇక్కడ రాస్తే చెప్పినట్టేనా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. కాదు. వసారాలో ఆ పదిమంది ముందు చెప్పాలి, అక్క అక్కడ ఉండగా. అప్పటిదాకా ఆమెకు నేను బాకీ ఆరు వేల తొమ్మిది వందల అరవై రూపాయలు.