అల్లం దంచిన కడ్డీ

బందరులో మేం అద్దెకుంటున్న పాత బంగళా కిటికీలు పైకి ఎత్తితే తెరుచుకుంటాయి. కానీ ఎత్తిన అద్దాల తలుపు నిలవదు, ధడేలుమని జారిపోతుంది. బంటుమిల్లి నుంచి వచ్చిన వడ్రంగి ఒకరోజంతా చట్రాలు విప్పాడు. తలుపుకు కట్టి, కప్పీ మీదుగా వేసిన తాడు రెండో కొసన, చట్రం లోపల, ఇనప కడ్డీ వేలాడుతుందట. ఆ బరువే తలుపును నిలబెడుతుందట; తాళ్లు తెగిపోవడంతో జారిపోతున్నాయట.

మర్నాడు, "ఒక కడ్డీ లేదండీ," అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నిన్న విప్పింది నువ్వే కదా! పాత ఇనప కొట్లో వేశావా?" అని అరిచాను. గేటు దగ్గర జనం ఆగారు.

అతను మంచినీళ్లడిగి వంటింటి గుమ్మం దాకా వచ్చాడు. అక్కడ రోట్లో, నేను మూడేళ్లుగా అల్లం దంచుతున్న కడ్డీ ఉంది. ఈ ఇంట్లో దిగిన కొత్తలో కిటికీ కింద దొరికితే కడిగి వాడుకుంటున్నాను. దాని కొసన తాడు కట్టే కన్నం ఉంది.

అతను దాన్ని తీసుకెళ్లి కట్టాడు. తలుపు ఎత్తితే నిలిచింది.

"దొరికిందా మేస్త్రీ?" గేటు దగ్గర నుంచి పక్కింటావిడ అడిగింది.

"చట్రం అడుగున పడిపోయిందండీ. నేనే సరిగ్గా చూసుకోలేదు."

ఇందాక వీధంతా వినేలా అరిచిన దాన్ని, గేటు వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను.