పూడ్చిన మగ్గం గుంతలు

నేను ఒకచోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. ఆదోనిలో పుట్టింట్లో ఉన్నప్పుడు మా అమ్మ నా కాళ్లకు చక్రాలున్నాయని తిట్టేది. అట్లాంటి దాన్ని తీసుకొచ్చి ఎమ్మిగనూరులో మగ్గాల ఇంటికి ఇచ్చారు. అక్కడ అందరూ పొద్దంతా కూర్చుని బతికేవాళ్లే. నేల మీద తవ్విన గుంతల్లోకి కాళ్లు వదిలి, కింద పలకలు తొక్కుతూ, మామ ఒక మగ్గం మీద, మా ఆయన ఇంకో మగ్గం మీద దుప్పట్లు నేసేవాళ్లు. ఒకసారి కూర్చుంటే మళ్లీ అన్నం వేళకే లేచేది. అత్త రాట్నం ముందు కూర్చుని నాడెలోకి నూలు కండెలు చుట్టేది. నేను మాత్రం దొడ్లోకీ వాకిట్లోకీ తిరుగుతూ, "కూసోవే, నిన్ను సూస్తే నాకు తల తిరుగుతాది" అని ఆమెతో అనిపించుకునేదాన్ని.

ఎనభైల మొదట్లో ఒక ఏడాది ముసురు పట్టి వదల్లేదు. వాన కోసం మొహం వాచిన ఊరు మాది, మొదటిరోజు అందరం సంతోషపడ్డాం. తర్వాత మట్టిమిద్దెలు ఒక్కొక్కటే కూలడం మొదలైంది. మా ఇంట్లో మగ్గాలున్న వెనక గది గోడ తెల్లవారుతుండగా ఒరిగింది. దూలాలూ, పైన పరిచిన చౌడుమట్టీ అన్నీ కలిసి రెండు మగ్గాల మీదా పడ్డాయి. మనుషులం ముందుగదిలో ఉన్నాం కాబట్టి బతికాం. మామ ఆ వానలోనే వెనక్కి పోయి, మట్టిలోంచి బయటికి పొడుచుకొచ్చిన మగ్గం కొయ్యను చేత్తో తడిమి వచ్చాడు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఇన్సూరెన్సు ఉందన్న సంగతి నాకే గుర్తొచ్చింది. మగ్గాల మీద బ్యాంకులో అప్పు తీసుకున్నప్పుడు దాంతోపాటే మగ్గాలకూ ఆ గదికీ కలిపి కట్టించారు. పదో తరగతి దాకా చదివిన దాన్ని నేనొక్కదాన్నే కాబట్టి కాగితాలు నా పెట్టెలోనే ఉండేవి. వాన తెరిపియ్యగానే ఆదోని బస్సెక్కి, ఆఫీసులో అర్జీ ఇచ్చి వచ్చాను. ఆఫీసరు వచ్చి చూస్తాడన్నారు. వెంటనే వస్తాడనుకున్నాం. రాలేదు. ఆ సంవత్సరం చుట్టుపక్కల అన్నీ కూలిన ఇళ్లే, ఆయన మాత్రం ఎక్కడెక్కడికని తిరుగుతాడు.

ఆయన వచ్చేలోపల మా ఇంట్లో జరగాల్సింది జరిగిపోయింది. మా అత్తవాళ్ల ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. విరిగిన మగ్గం కొయ్యను పొయ్యిలో పెట్టరు. అన్నం పెట్టిన కొయ్య కదా, దాన్ని ఏట్లో కలపాలి. మగ్గం లేని గుంత నోరు తెరుచుకుని ఇంట్లో ఉండకూడదు, పాలు పోసి పూడ్చెయ్యాలి. ఆఫీసరు ఎప్పుడొస్తాడో కనుక్కోవడానికి నేను రెండోసారి ఆదోనికి పోయిన రోజునే అత్త ఎద్దులబండి మాట్లాడి, విరిగిన కొయ్యలన్నీ మాధవరం దగ్గర తుంగభద్రకు పంపించింది. కూలిన మట్టినే గుంతల్లోకి తోయించింది. నేలంతా దిమ్మిస చేయించి, పేడతో అలికి, ముగ్గు పెట్టింది. కూలిన గోడ మట్టిని కూడా దొడ్లో ఒక పక్కకు నీటుగా ఎత్తించింది. పెద్ద ఆఫీసరు ఇంటికి వస్తున్నాడు, ఇల్లు గలీజుగా ఉంటే ఏమనుకుంటాడని ఆమె భయం. సాయంత్రం నేను వచ్చేసరికి ఇల్లు పండగ ఇల్లు మాదిరి ఉంది. అప్పుడు నాకూ అది తప్పనిపించలేదు, బాగుందనే అనిపించింది.

ఆఫీసరు వచ్చాడు. కోస్తా మనిషి, నడివయసు, చంకలో తోలుసంచి. అత్త ఆయనకు ఉగ్గాని, బజ్జి పెట్టింది, మజ్జిగ ఇచ్చింది. ఆయన తృప్తిగా తిన్నాడు. వెనక గదిలోకి పోయి, గోడ లేని వైపు చూసి, నేల మీద ముగ్గు చూశాడు.

"మగ్గాలేవండీ?" అన్నాడు.

"ఈడనే ఉండె సార్. గోడ పడి ఇరిగిపోయినాయి" అన్నాడు మా ఆయన.

"విరిగిన సామానేదీ?"

"ఏట్లో కలిపినాము సారూ" అంది అత్త, అడిగినందుకు సంతోషపడుతూ.

ఆయన రాసుకున్నాడు. ఏం రాసుకున్నాడో తర్వాత వచ్చిన కాగితం చూస్తేగాని తెలియలేదు. గోడకు మాత్రం ఏదో కొంత లెక్కగట్టారు. మగ్గాల ఊసే లేదు. అదే పూర్తి పరిష్కారమని ఒప్పుకుంటూ కింద సంతకం పెట్టి పంపమన్నారు. ఆ డబ్బుతో గోడే సగం లేస్తుంది.

మా ఆయన సంతకం పెడతానన్నాడు. నెమ్మదస్తుడు, ఎవరితోనూ పేచీ పెట్టుకోడు. "వచ్చినకాడికి తీసుకుందాంలే. నేను ఆదోనిలో పత్తి జిన్నింగుకు పోతాను, అడిగినాను, రమ్మన్నారు" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పటినుంచీ నేత తప్ప ఇంకోటి తెలియని మనిషి, ఆ దుమ్ములో పత్తి బోరాలు మోస్తానంటాడు. వాళ్ల నాయన సంగతేమిటి మరి? మామ అప్పటికే అన్నం సరిగా తినడం మానేశాడు. గోడకు ఆనుకుని కూర్చుంటాడు. కాళ్లు మాత్రం ఊరికే ఉండవు, ఒకటి మార్చి ఒకటి నేలను తొక్కుతూనే ఉంటాయి. ఆయన కాళ్లు చూస్తే నాకు ఏడుపొచ్చేది. కాగితం తీసి నా రవికెలో దోపుకుని, "ఇది నా దగ్గరుంటాది. ఎవరు సంతకం పెడతారో సూస్తా" అన్నాను.

మళ్లీ ఆదోని. ఆఫీసు పత్తి మండీ దగ్గర ఒక మేడ మీద ఉండేది. ఎక్కీ దిగీ ఆ మెట్లు నాకు మా ఇంటి మెట్లంత అలవాటైపోయాయి. ఆఫీసరు నన్ను గుర్తుపట్టి మర్యాదగానే కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"మగ్గాలున్నట్టు ఏముందమ్మా ఆధారం?" అన్నాడు.

"బ్యాంకోళ్లు సూసినాకే కదా సార్ అప్పు ఇచ్చినారు?"

"అప్పుడు ఉన్నాయి, కాదనను. వాన పడ్డ రోజున ఉన్నాయని ఎట్లా చెప్పమంటారు? మధ్యలో అమ్ముకుని ఉండొచ్చు కదా. నేను చూసింది అలికిన నేల. అదే రాశాను."

సంతకం పెట్టి పంపే గడువు దాటితే ఫైలు మూసేస్తామని కూడా చెప్పాడు. తిరుగు బస్సులో సీటు దొరికినా నిలబడే వచ్చాను. బస్సు నిదానంగా పోతోందని కండక్టరుతో గొడవ పెట్టుకున్నాను, పాపం అతనేం చేశాడు.

ఇంటికొచ్చి వెనక గదిలో అటూ ఇటూ తిరిగాను. గోడ లేని వైపునుంచి గాలి కొడుతోంది. నాలో నేనే ఆ ఆఫీసరును తిట్టుకుంటూ తిరుగుతుంటే, ఒకచోట కాలికింద నేల మెత్తగా దిగింది. మళ్లీ తొక్కాను. ఇంకొంచెం దిగింది. పక్కకు పోతే గట్టి నేల. నాలుగడుగులు వేస్తే మళ్లీ మెత్తన. పూడ్చిన గుంతలు అణిగిపోతున్నాయి. మట్టి తోసినప్పుడు పైకి కనిపించిన కొయ్యలు తీశారుగాని, అడుగున బురదలో కూరుకుపోయిన వాటిని ఎవరూ తియ్యలేదు. తొక్కుడు పలకలు ఇంకా కిందే ఉన్నాయి.

"అత్తా, గుంతలు తవ్వాల" అన్నాను.

పక్కింటి మగ్గాలకు కండెలు చుడుతున్న అత్త రాట్నం ఆగిపోయింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? పాలు పోసి పూడ్చిన గుంతను మళ్లా తోడతారా ఎవరన్నా? ఇంటికి కీడు. నా పానం పోయినా తోడనీను."

"తోడకపోతే నీ కొడుకు బోరాలు మోస్తాడు."

"మోయనీ. బతికుంటాడు కదా."

ఇద్దరం గట్టిగానే అరుచుకున్నాం. మా ఆయన మధ్యలోకి రాబోయి, మా ఇద్దరి మొహాలూ చూసి వాకిట్లోకి పోయాడు. కోపం పట్టలేక చివరికి అనేశాను. "ఆ ఆఫీసరు ఏమన్నాడో తెలుసా? మనము మగ్గాలు అమ్ముకోని, గోడ పడితే దొంగలెక్క సెప్తాండామంట."

అత్త నావైపు చూసింది. "ఎవురు అమ్ముకున్నారంట?"

"మామనే. ఇంకెవురు?"

ఆమె గోడకు ఆనుకుని కాళ్లు ఆడిస్తున్న మామను చాలాసేపు చూసింది. తర్వాత లేచి, కొంగు నడుముకు దోపి, దొడ్లోకి పోయి గడ్డపార తెచ్చింది. ముగ్గు మీదనే మొదటి పోటు వేసింది. నేను చెయ్యి వెయ్యబోతే తోసేసింది.

మరుసటి రోజు నేను ఆఫీసు తలుపు తెరవకముందే మెట్ల మీద ఉన్నాను. ఆఫీసరు తీరిక లేదన్నాడు, వేరే ఊళ్లున్నాయన్నాడు. ఉండనీ సార్, ఈడనే ఉంటానన్నాను. వరండాలో ఈ కొసనుంచి ఆ కొసకు తిరగడం మొదలుపెట్టాను. వాళ్లు రాసుకుంటుంటే తిరిగాను, అన్నాలు తింటుంటే తిరిగాను. చివరికి ఆయనే బయటికొచ్చి, "కూర్చోమ్మా తల్లీ, రేపొస్తాను" అన్నాడు. మా అత్త అన్న మాటే, ఇంకో యాసలో.

అన్నట్టే వచ్చాడు. ఈసారి ఎవరూ ఉగ్గాని చెయ్యలేదు, నేల అలకలేదు. రెండు గుంతలూ తెరిచి ఉన్నాయి. అడుగున నాలుగు పలకలు, వాటికి కట్టిన తాళ్లు తెగకుండా అట్లాగే ఉన్నాయి. మగ్గం మీది పడుగు నూలు మిద్దె మీంచి పడిన చౌడుమట్టిలో గడ్డకట్టుకుపోయి ఉంది. ఆఫీసరు గుంత అంచున గొంతుక్కూర్చుని ఆ నూలును వేలితో లాగి చూశాడు.

"మగ్గం మీద నూలుండగానే మిద్దె పడిందన్నమాట. ఇది ముందే చూపిస్తే ఇంత దూరం వచ్చేది కాదు కదమ్మా" అన్నాడు అత్తతో.

"నువ్వు సుట్టం మాదిరి మా ఇంటికి వస్తివి నాయనా" అంది అత్త. "సుట్టానికి గుంతలు సూపిస్తామా ఎవురమైనా? అమ్ముకున్నారని రాసేటోడివని నాకేం తెలుసు."

ఆయన తల దించుకుని రాసుకున్నాడు. పోయేటప్పుడు మామ దగ్గర ఆగి నమస్కారం పెట్టాడు. మామ కూడా చేతులెత్తాడు, ఎందుకో అర్థంకాక.

రెండో కాగితంలో మగ్గాలు ఉన్నాయి. కాని పాతవని చాలా తరుగు తీసేశారు. గోడకు పోను ఒక మగ్గానికి వస్తుంది, రెండోదానికి రాదు. నేను మళ్లీ బస్సెక్కుతానన్నాను. మామ ఆ ఏడాదిలో మొదటిసారి నన్ను పిలిచి, "సాలు తల్లీ. వాడు నేస్తే సాలు" అన్నాడు. ఆ మాట మీద మా ఆయన సంతకం పెట్టాడు. నాకు సాలలేదు. ఇప్పటికీ సాలలేదు.

ఒక గుంతలో కొత్త మగ్గం దిగింది. జిన్నింగుకు పోయే మాట మళ్లీ రాలేదు. రెండో గుంతను ఏం చేద్దామని అడిగితే, పూడ్చెయ్యమని అత్తే చెబుతుందనుకున్నాం. ఆమె పూడ్చనివ్వలేదు. "ఉండనీ. మళ్లా ఎవుడన్నా వచ్చి ఈడ ఏమీ లేకుండె అంటాడు" అంది. కీడు సంగతేమిటని అడిగే ధైర్యం నాక్కూడా లేకపోయింది. రోజూ దాని అంచుల చుట్టూ ఊడ్చి, అలికి, నాలుగువైపులా ముగ్గు పెట్టేది.

మామ పోయేదాకా ఆ గుంత తెరిచే ఉంది. కొడుకు ఇవతల నేస్తుంటే, ఆయన అవతల ఖాళీ గుంతలోకి కాళ్లు వదిలి కూర్చునేవాడు. మా ఆయన మగ్గం చప్పుడుకు సరిగ్గా ఆయన కాళ్లు కూడా కిందికీ పైకీ ఆడేవి. కండెలు అందించడానికి ఇద్దరి మధ్యా తిరుగుతూ, నేను ఒక్కోసారి మరిచిపోయి ఆయనకు కూడా ఒక కండె ఇచ్చేదాన్ని. ఆయన తీసుకునేవాడు.