హోటల్లో రెండు పళ్లాలు

పెళ్లయి ఆరేళ్లయినా నా భార్య అన్నం తింటుండగా నేను చూడలేదు. మా ఇంట్లో మగవాళ్లు ముందు తినేవారు, ఆడవాళ్లు తర్వాత. భర్త తిని లేచిన పళ్లెంలోనే భార్య వడ్డించుకునేది. మా అవ్వ అట్లాగే తిన్నది, నా భార్యా అట్లాగే తినేది. నేను చేయి కడుక్కుని వాకిట్లోకి వచ్చాకే వంటింట్లో ఆమె పీట జరిపిన చప్పుడు వినిపించేది.

ఏడో తరగతితో చదువు ఆగినా, బోధన్ గ్రంథాలయంలోని మూడు బీరువాల పుస్తకాలనూ నేను వరుసగా చదివాను. పశువైద్యం, జ్యోతిషం కూడా వదల్లేదు. వాటిలో మర్యాదల మీద ఒక పాత పుస్తకం ఉండేది. భార్యాభర్తలు ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని తినడం గురించి అందులో చదివినప్పటి నుంచి, ఒక్కసారైనా అలా తినాలని నాకు పట్టుదల పెరిగింది. ఇంట్లో అది కుదిరే పని కాదు.

చక్కెర ఫ్యాక్టరీలో చెరకు బండ్ల కాటా దగ్గర నా కొలువు. ఆ ఏడు చెరకు క్రషింగ్ ముగిసి సెలవు దొరకగానే, ఆమె కళ్లు పెద్ద డాక్టరుకు చూపించాలని బాపుతో చెప్పి, నిజామాబాద్‌లో హైదరాబాద్ రైలెక్కించాను. కళ్లు నిజంగానే చూపించాం. అద్దాలు అక్కర్లేదన్నారు. సాయంత్రం ఆబిడ్స్‌లో, బల్లల మీద తెల్లగుడ్డలు పరిచిన ఒక హోటల్‌కు తీసుకుపోయాను.

రెండు బిర్యానీలు చెప్పాను. బేరర్ నా ముందొక పళ్లెం, ఆమె ముందొక పళ్లెం పెట్టి పోయాడు. ఆమె పక్కనున్న ఖాళీ పళ్లెం తీసి తన బిర్యానీ మీద బోర్లించి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"తిను" అన్నాను.

"మీరు తినుండ్రి. మీదైనంక తింట."

"ఈడ మనల్ని ఎవలు చూస్తరు?"

"నేను సూస్త గద."

నాలుగైదు చెంచాలు తిన్నాను. ఆమెకు నచ్చజెప్పాలనిపించింది. మాట్లాడేటప్పుడు చెంచా, ఫోర్కు చేతిలో ఆడించకూడదని, పళ్లెంలో పెట్టాలని పుస్తకంలో ఉంది. ఎలా పెట్టాలో బొమ్మలు కూడా ఉన్నాయి. రెంటినీ పక్కపక్కన చక్కగా పెట్టి, నేను చదివిందంతా చెప్పడం మొదలుపెట్టాను. మా బాపు మాట వినేటప్పటి లాగే ఆమె అడ్డు చెప్పకుండా విన్నది. మధ్యలో బేరర్ వెనక నుంచి వచ్చి నా పళ్లెం ఎత్తుకుపోయాడు. బిర్యానీ ముప్పావు వంతు అలాగే ఉంది.

అప్పుడు నాకు అర్థమైంది. పుస్తకంలో బొమ్మలు రెండు: తినడం కాస్త ఆపినప్పటిది ఒకటి, తినడం ముగిసినప్పటిది ఒకటి. నేను రెండో బొమ్మలో ఉన్నట్టు పెట్టాను. బేరర్‌ను వెనక్కి పిలిస్తే ఆమె ముందు తప్పు ఒప్పుకోవాలి. పిలవలేదు.

బేరర్ చేతిలో పోతున్న పళ్లెం వైపు, తర్వాత నా వైపు ఆమె చూసింది.

"గంతేనా తినుడు? ముచ్చట చెప్పుడుకే కడుపు నిండిందా?"

నిండిందన్నాను.

"అయితే మీదైంది" అని బోర్లించిన పళ్లెం తీసింది.

తల వంచుకుని, చేత్తో, గబగబా తిన్నది, ఎవరో పిలుస్తారన్నట్టు. ఎవరూ పిలవలేదు. కొంతసేపటికి వేగం తగ్గింది. వేయించిన ఉల్లిగడ్డ ముక్కలు ఏరి పక్కన పెట్టింది. ఆమెకు అవి సయించవని నాకు అప్పటిదాకా తెలియదు. అంచు నుంచి మొదలుపెట్టి మధ్యకు వస్తుందని, నచ్చిన ముద్ద నమిలేటప్పుడు కళ్లు సగం మూస్తుందని కూడా అప్పుడే చూశాను.

బేరర్ మళ్లీ వచ్చి, సాబ్‌కు ఇంకేమైనా తేవాలా అని ఉర్దూలో అడిగాడు. నాకు గట్టిగా ఆకలిగా ఉంది. ఆమె చేయి పళ్లెంలో ఆగిపోయింది. నా ముందుకు ఇంకో పళ్లెం వస్తే నాదయ్యేదాకా ఆమె ముద్ద ఎత్తదు.

ఏమీ వద్దని, నా భోజనం అయిపోయిందని అతనితో చెప్పాను.