ఆయన కట్టుకున్న చీర

భిలాయిలో సెక్టర్ 4 నుంచి రిసాలికి షేర్ ఆటోలో వెళుతున్నాను. ఎదుటి సీట్లో స్టీలు ప్లాంటులో రిటైరైన తెలుగు పెద్దాయన, పక్కనే ఆయన భార్య. నెరిసిన మీసంతో ఉన్న ఆయన నీలం నేతచీర కట్టుకున్నాడు.

దారిలో ఎక్కిన ఒకతను ముఖం చిట్లించాడు. "ఏటీ వేషం? భయ్యా, ఆటో ఆపు. ఈయన్ని దించీ!"

పెద్దాయన తల దించుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ విరుచుకుపడింది.

"వేషం కాదు, చీర. నానే కొన్నాను, నానే కుచ్చిళ్లు పెట్టాను. నీకేటి నొప్పి? ఇబ్బందైతే నువ్వే దిగు!"

డ్రైవర్ ఆటో ఆపి అతనివైపే చూశాడు. అతను తిట్టుకుంటూ దిగిపోయాడు.

"పోన్లే, వదిలేయ్," అన్నాడు పెద్దాయన మెల్లగా.

ఆవిడ ఆయన కొంగు సర్దింది. "ఇన్నేళ్లూ తలుపులేసుకుని కట్టించినాను. ఇంకేటి వదిలేది?"