మధ్యలో దింపని కండక్టరమ్మ

ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో నిలబడి పనిచేసిన మనిషి రిటైరయ్యాక ఏం చేస్తుంది? కూర్చుంటుంది. కండక్టరమ్మ కూడా కూర్చుని చూసింది. సరిగ్గా పదిహేను రోజులు కూర్చుని, నడుం నొప్పి తెచ్చుకుని, లేచింది. వీధి చివర మేడ మీద ఒక చిన్న సంస్థ ఉండేది. ఆటిజం ఉన్న పిల్లలు పెద్దవాళ్ళయి, ఇంట్లోవాళ్ళకు తలకు మించిన భారమైనప్పుడు, వాళ్ళను మానసిక ఆసుపత్రి పాలు కానివ్వకుండా ఇంట్లోనే నిలబెట్టడం దాని పని. అక్కడ పనిచేసేవాళ్ళంతా పెద్ద చదువులు చదివిన కుర్రవాళ్ళు. ఆమె పని కోసం వెళ్తే, "మీకేం అనుభవం ఉందమ్మా?" అని అడిగారు.

"రోజుకు ఎనిమిది వందల మందిని, ఒకరి కాలు ఒకరు తొక్కకుండా దిగాల్సిన చోట దింపాను. చాలదా?" అంది. చాలింది.

ఆమెను దేవత అని మాత్రం అనకండి, ఆమెకే ఒళ్ళు మండుతుంది. గొంతు పెద్దది, ఓపిక చిన్నది, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కానీ ఒక సంగతి ఆమెకు తెలిసినంత బాగా పుస్తకాలు చదివినవాళ్ళకు కూడా తెలియదు. బస్సులో గొడవపడేవాళ్ళలో సగం మంది తమ స్టాపు ఎప్పుడొస్తుందో తెలియనివాళ్ళే. "ఎక్కడికి తీసుకుపోతున్నారో చెప్పకపోతే నేనైనా కరుస్తాను" అనేది. అందుకే తన పాత పంచు బయటికి తీసి, అట్టముక్కల మీద టికెట్లు రాసుకుంది. స్నానం ఒక స్టాపు, చొక్కా ఒక స్టాపు, భోజనం ఒక స్టాపు. ముందే టికెట్లన్నీ పిల్లల చేతికిచ్చేది. స్టాపు వచ్చినప్పుడల్లా ఒక టికెట్టుకు టక్కుమని చిల్లు పెట్టేది.

అలా ఆమె చేతికి వచ్చిన పిల్లే చిలక. పంతొమ్మిదేళ్ళది. ఎదుటివాళ్ళ ఆఖరి మాటను తిరిగి అప్పజెప్తుంది, సొంత మాట అరుదు, అందుకే వీధిలో ఆ పేరు. వడ్రంగి దుకాణం మీది రెండో అంతస్తులో అద్దెకుంటారు. నాలుగు నెలలుగా పిల్ల చెంపను పిడికిలితో గుద్దుకుంటోంది, తల గోడకేసి కొట్టుకుంటోంది. అడ్డం వెళ్ళిన తల్లి మణికట్టు కొరికింది. ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు. ఆసుపత్రివాళ్ళు మూడుసార్లు మందులు మార్చి, చివరికి వార్డులో చేర్చుకుంటామన్నారు, ఎప్పుడు ఇంటికి పంపుతామో మాత్రం చెప్పలేమన్నారు. నాలుగు వారాల్లో బెడ్ ఖాళీ అవుతుంది. తండ్రి కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టిన రోజు నుంచి ఆ మనిషి భోజనం దగ్గర తలెత్తలేదు.

కండక్టరమ్మకు ఉన్నది ఆ నాలుగు వారాలే.

మొదటి రోజే ఆమె ఒక నోటుబుక్కు తెరిచి, బస్సులో రాసే ట్రిప్ షీటులా గీతలు కొట్టింది. అంతకుముందు అందరూ చిలక ఏం చేసిందో రాశారు. ఈమె దానికి ముందు ఏం జరిగిందో రాసింది: ఎవరు వచ్చారు, ఎవరు వెళ్ళారు, ఏం మోగింది, ఏం తీశారు, ఏం పెట్టారు. నాలుగు రోజులకే ఆమెకు దొంగ దొరికిపోయాడు. కింద వడ్రంగి రంపం మిషను! పొద్దున్నే అది గుర్రుమనడం, పైన పిల్ల కొట్టుకోవడం. వెళ్ళి వడ్రంగి మీద పడింది. ఆ పెద్దమనిషి మిషను కట్టేసి, చెక్కలన్నీ నాలుగు వీధుల అవతలికి మోయించి కోయించుకున్నాడు. వారం గడిచింది. మిషను మోగలేదు, పిల్ల మాత్రం కొట్టుకుంటూనే ఉంది.

కండక్టరమ్మ కిందికి దిగింది. ముప్పై ఒక్క ఏళ్ళలో డిపో మేనేజరు ముందు కూడా వంచని తల వంచింది. "అన్నయ్యా, తప్పు నాది. మిషను తిప్పుకో."

"పోనీలే చెల్లెమ్మా, వారం రోజులు నా చెవులకీ సెలవు దొరికింది" అన్నాడు వడ్రంగి. "పిల్ల సంగతి తేల్చు ముందు."

అక్కడే మెట్ల మీద కూర్చుని ఆమె నోటుబుక్కు మళ్ళీ మొదటి నుంచి తిరగేసింది. రెండు రోజులు ఖాళీ. మంగళవారం, బుధవారం ఒక్కసారి కూడా కొట్టుకోలేదు. పైకి పరిగెత్తింది.

"అమ్మాయ్, ఆ రెండు రోజులూ ఏం జరిగింది?"

"ఏం జరగలేదు పిన్నీ," అంది తల్లి. "ఫ్రిజ్జు పాడైతే బాగుచేసే అతను పట్టుకుపోయాడు. అంతే."

కండక్టరమ్మ వేలు గీతల వెంట నడిచింది. ఫ్రిజ్జులోంచి చల్లనీళ్ళ బాటిల్ తీసింది, కొట్టుకుంది. బాటిల్ తీసింది, కొట్టుకుంది. పదకొండుసార్లలో పది! అది కూడా ఎప్పుడూ ఎడమ చెంపే. మూడే కాళ్ళనుకున్న కుందేలుకు నాలుగో కాలు కనిపించింది.

"దీని నోట్లోకి ఎవరైనా చూశారా?" అని అడిగింది.

ఎవరూ చూడలేదు. చూడనివ్వదు కదా! తలలో ఏముందో తేల్చడానికి ఇంతమంది కూర్చున్నారు, నోట్లో ఏముందో చూసినవాడు లేడు. తల్లి అక్కడే చతికిలబడిపోయింది. "నొప్పితో కొట్టుకుంటుంటే నేను మొండితనం అనుకున్నాను పిన్నీ. తిట్టాను కూడా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. కండక్టరమ్మ ఓదార్చలేదు, ఆమెకు ఆ విద్య రాదు. పక్కన కూర్చుని, ఆ ఏడుపు అయ్యేదాకా లేవలేదు.

మెయిన్ రోడ్డు మీది పళ్ళ డాక్టరమ్మ నిజం చెప్పింది. పది నిమిషాలు నోరు తెరిచి కూర్చోగలిగితే ఇక్కడే చూస్తానంది. లేదంటే పెద్దాసుపత్రిలో మత్తిచ్చి చేయాలి, అక్కడ వరుస రెండు నెలలు. బెడ్‌కు మిగిలింది పదిహేను రోజులు.

పళ్ళ డాక్టరు కుర్చీలా వెనక్కి వాలే కుర్చీ ఇంకెక్కడుంటుంది? సెలూన్లో! సెలూన్ బాబాయి పదింటికి షాపు తెరిచేవాడు. చిలక కోసం ఎనిమిదింటికే తెరిచాడు. టికెట్లు తయారయ్యాయి: మెట్లు, వీధి, కుర్చీ, లైటు, నోరు, ఇల్లు. చివరి టికెట్ ఎప్పుడూ ఇల్లే. మొదటి రోజు చిలక కుర్చీలో పది అంకెలు లెక్కపెట్టేదాకా కూర్చుంది. బాబాయి మురిసిపోయాడు. ఇల్లు అలకగానే పండగ కాదంటారు కదా, రెండో రోజు గుమ్మం కూడా ఎక్కలేదు. అయినా కండక్టరమ్మ మాట తప్పకుండా ఇల్లు టికెట్టుకు చిల్లు పెట్టి, ఇంటికి తీసుకుపోయింది.

మూడో రోజు మళ్ళీ కూర్చుంది. బాబాయి మూతికి గుడ్డ కట్టుకుని, టార్చి పట్టుకుని, "ఆఁ అనమ్మా" అన్నాడు.

"అనమ్మా," అంది చిలక, మూతి బిగించి.

"అది కాదు తల్లీ, ఆఁ అను!"

"ఆఁ అను."

బాబాయికి నవ్వొచ్చింది. గుడ్డ పీకేసి, టార్చి ఆమె చేతికిచ్చి, తానే కుర్చీలో పడుకుని నోరు బార్లా తెరిచాడు. చిలక వంగి, ఆ నోట్లో ఉన్న పళ్ళూ లేని పళ్ళూ ఎంతసేపు చూసిందో! ఈలోగా తలుపు దగ్గర ఇద్దరు కస్టమర్లు నిలబడ్డారు. "ఏంటి బాబాయ్, నీకే గడ్డం చేస్తున్నారా?" అన్నాడొకడు. కండక్టరమ్మ ఒక్క చూపు చూసింది. ఇద్దరూ బుద్ధిగా బయట బల్ల మీద కూర్చున్నారు. ఐదో రోజుకు చిలక పది నిమిషాలు నోరు తెరిచింది.

ఆరో రోజు సెలూన్లో కప్పే అదే తెల్ల గుడ్డ పట్టుకుని పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఎడమ దవడలో పన్ను వేరుదాకా పుచ్చి, కింద చీము పట్టి ఉంది. "మాటలొచ్చిన మనమైతే ఈ నొప్పికి ఊరంతా లేపేవాళ్ళం," అంది డాక్టరమ్మ. చిలక నోట్లో మాట లేక, నాలుగు నెలలు పంటి బిగువున భరించింది. పన్ను తీసి, మందులిచ్చి, పది రోజులు చల్లటివి వద్దంది. ఆ తర్వాత తొమ్మిది రోజులు నోటుబుక్కులో గీతలు తప్ప రాయడానికి ఏమీ లేకపోయింది.

అయినా ఆసుపత్రి రోజు రానే వచ్చింది. టికెట్లు ఐదు: ఆటో, మెట్లు, డాక్టరు, ఆటో, ఇల్లు. పెద్ద డాక్టరు నోటుబుక్కు శ్రద్ధగానే చదివాడు, చెడ్డవాడేం కాదు. "చాలా బాగుంది," అన్నాడు. "కానీ తొమ్మిది రోజులు చూసి ఎలా నమ్మను? ఈ బెడ్ పోతే మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో! ఎందుకైనా మంచిది, రెండు వారాలు ఇక్కడే ఉంచండి."

"ఉంచండి," అంది చిలక.

డాక్టరు నవ్వి, "తనకు అభ్యంతరం లేదు చూశారా," అన్నాడు.

చిలక నవ్వలేదు. గుప్పెట్లోని టికెట్లు బల్ల మీద పరిచింది. మూడింటికి చిల్లులున్నాయి, రెండింటికి లేవు. చివరిది తీసి కండక్టరమ్మ చేతిలో పెట్టింది.

"ఇల్లు," అంది.

ఆ మాట ఆ గదిలో అంతకుముందు ఎవరూ అనలేదు.

కండక్టరమ్మ లేచి నిలబడింది. "డాక్టరుగారూ, ఆ టికెట్ నేనిచ్చింది. చేతిలో టికెట్ ఉన్న మనిషిని మధ్యలో దింపేసి, బస్సు పోనిచ్చింది నా సర్వీసులో లేదు. ఈ పిల్లను ఇంటి దగ్గర దింపుతాను. ఆ తర్వాత మీరు రోజూ వచ్చి చూసుకోండి, నోటుబుక్కు ఇస్తాను."

అప్పుడు తండ్రి తలెత్తాడు. నెల రోజుల్లో మొదటిసారి. "నా సంతకం నాకు ఇచ్చేయండి సార్" అన్నాడు.

డాక్టరు కాసేపు టికెట్ల వైపు చూశాడు. వారానికోసారి చూపించాలని చీటీ రాసి, సంతకం ఉన్న కాగితం తండ్రి చేతికి ఇచ్చాడు.

ఇంటి గుమ్మంలో చిలక పంచు లాక్కుని, ఆఖరి టికెట్టుకు తానే చిల్లు పెట్టుకుంది. తిన్నగా వెళ్ళి ఫ్రిజ్జు తెరిచింది. ఆ రోజుతో పది రోజులు నిండాయి. తల్లి ఆపబోయింది, కండక్టరమ్మ చెయ్యి పట్టుకుంది. చిలక సీసా ఎత్తి గటగటా తాగింది, మూతి తుడుచుకుంది, సీసా ఎక్కడిది అక్కడ పెట్టింది.

కండక్టరమ్మ కళ్ళజోడు తుడుచుకుని, నోటుబుక్కు తీసి టైము వేసి రాసింది: బాటిల్ తీసింది. ఏమీ జరగలేదు.