మొండితనానికి రుజువు

నిన్న పటమటలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, ఎంగిలి స్టీలు ప్లేట్లను టబ్బులో పడేసిన చప్పుడు హాలంతా మోగింది. పక్కన కూర్చున్న మా అమ్మాయి వెన్నెల పెరుగన్నం వదిలేసి, చెవులు మూసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది. "ఇంకా దీని మొండితనం పోలేదట్రా?" అన్నాడు మా చిన్నాన్న. ఆ మాటతో సలోమి గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి రెండేళ్ళు.

వెన్నెలకు ఆటిజం. రెండో తరగతిలో ఉండగా, మధ్యాహ్నం భోజనాల ముందు బయటికి పరిగెత్తేది, అడ్డొచ్చిన పిల్లల్ని కొరికేది. ఇకనుంచి ఇంటి దగ్గరే చదివించుకోవడానికి మాకు సమ్మతమేనని రాసిన కాగితం ఒకటి హెడ్మాస్టరు మా ముందు పెట్టాడు. సంతకం పెడితే బడి తలుపు మూసుకున్నట్టే. విద్యాహక్కు చట్టం ప్రతి చేతబట్టుకుని గంటసేపు ఆయనను చీల్చి చెండాడాను. కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు. "సోమవారానికి సంతకం పెట్టి తెండి" అన్నాడు.

మా ఆవిడ నన్ను గుణదలలో సలోమి గారింటికి తీసుకెళ్ళింది. ఆవిడ జాకెట్లు కుట్టేవారు. ఇలాంటి కొడుకునే పోరాడి చదివించారు. ఆ తర్వాత మాలాంటివాళ్ళతో బళ్ళకు వెళ్ళి, కాగితాలు చదివిపెట్టి, మా పక్కన కూర్చుని మాట్లాడేవారు. గోడ మీద మేరీమాత పటం చూశాక, దేవుడు లేడని వేదికలెక్కి వాదించే నేను ఊరుకోలేకపోయాను. "హెడ్మాస్టరుకు మీ మాతతోనే చెప్పించకూడదాండీ?"

ఆవిడ కుట్టుమిషను ఆపలేదు. "మాత పని మాత చూసుకుంటుంది. మీరు దేవుడికి రుజువు అడుగుతారటగా? పాప ఎందుకలా చేస్తోంది మరి?"

"కాస్త మొండిదండీ. కారణం లేకుండా..."

"దానికి రుజువేదండీ?"

ఆవిడ ఒక నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. "ఎప్పుడు లేచింది, అంతకుముందు ఏం జరిగింది, తర్వాత ఏమైంది. అంతే రాయండి. ఉపన్యాసం వద్దు."

బతిమాలితే హెడ్మాస్టరు మూడు రోజులు వరండాలో కూర్చోనిచ్చాడు. మొదటి రెండు రోజులూ ఆయా ప్లేట్ల దొంతర తెచ్చి, తరగతి గుమ్మం పక్కనే గచ్చు మీద ధన్‌మని దించింది. వెన్నెల పరిగెత్తింది. మూడో రోజు భోజనం బండి ఆలస్యమైంది. అది వచ్చి, ఆయా ప్లేట్లు దించేదాకా పాప కదల్లేదు.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ తెల్లబోయింది. "అందుకే కదండీ నేను గిన్నెలు మెల్లగా దించేది! బడిలోనూ అదేనని నాకేం తెలుసు? మీరెప్పుడైనా అడిగారా?"

బాబాలను, జ్యోతిష్కులను రుజువులడిగి నిలదీసినవాణ్ణి. కన్నకూతురిని మాత్రం విచారణ లేకుండానే దోషిని చేశాను.

సోమవారం సలోమి గారు ఆ పుస్తకం హెడ్మాస్టరు ముందు పెట్టారు. "ఒక్క నెల ప్లేట్లు అవతలి వరండాలో దించి చూద్దామండీ."

"చూద్దామేంటండీ, చట్టం..." అని లేవబోయాను. బల్ల కింద నా పాదాన్ని ఆవిడ చెప్పు గట్టిగా తొక్కింది.

హెడ్మాస్టరు పేజీలు తిప్పాడు. "ప్లేట్లా?" అన్నాడు. ఆ గొంతులో మొదటిసారి నిరాకరణ లేదు, ఆశ్చర్యం ఉంది. సంతకం లేని కాగితం సొరుగులోకి వెళ్ళింది. ప్లేట్లు అవతల దించడంతో వెన్నెల పరుగులు ఆగాయి; ఆ కాగితం మళ్ళీ బయటికి రాలేదు. నెల తిరిగాక సలోమి గారే ఇంకో మాటన్నారు. "ఇప్పుడీ ఏర్పాటు రాసివ్వండి మాస్టారూ. మీరు బదిలీ అయితే కొత్తాయనకెవరు చెబుతారు?"

చట్టమే లేకపోతే ఆ గదిలో మాకు కుర్చీ కూడా దొరికేది కాదని ఇప్పటికీ వాదిస్తాను. కానీ చట్టానికి మా అమ్మాయి తెలియదు. తెలుసుకుని చెప్పాల్సింది నేను.

నిన్న చిన్నాన్నతో వాదన పెట్టుకోలేదు. "ఎప్పుడు లేచింది చిన్నాన్నా?" అన్నాను.

"ఇప్పుడేగా."

"అంతకుముందు ఏం జరిగింది?"

ఆయన నుదురు చిట్లించాడు. ఇంతలో మరో విడత ప్లేట్లు టబ్బులో పడ్డాయి. ఈసారి ఉలిక్కిపడింది ఆయనే. "ఓరి, ఇదట్రా!" అంటూ లేచి వంటవాళ్ళ వైపు నడిచాడు. "ఏమయ్యా, ఆ టబ్బు కాస్త అవతలికి జరపండయ్యా!"

కాసేపటికి వెన్నెల తిరిగొచ్చి, వదిలిన పెరుగన్నం ముందు కూర్చుంది.